అత్తగారి మీద మొదటి హక్కు

మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళు బాస్కెట్‌బాల్ ఆడాలంటే ఒక్కటే మార్గం, కుర్చీలో కూర్చుని ఆడాలి. మేం అదే చేశాం.

కాలేజీ రోజుల్లో నారాయణగూడ వై.ఎం.సి.ఏ. కోర్టులో సాయంత్రాలు ఎగిరెగిరి పడ్డ బ్యాచ్ మాది. నలభై దాటేసరికి మా చేతుల్లోని బంతి కంటే మా బొజ్జలే గుండ్రంగా తయారయ్యాయి. ఎగిరితే కింద పడటం గ్యారంటీయే కానీ, పడ్డాక లేవడానికి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేదు.

అలాంటి సమయంలో అదే కోర్టులో మాకు ముందుతరం ఆటగాడు సూర్యప్రకాశరావు గారు ఎక్కణ్ణుంచో ఒక కంప్యూటర్ ఆట పట్టుకొచ్చారు. ఆయన అశోక్‌నగర్‌లో ఉంటారు, ఆడిట్ ఆఫీసులో రిటైరయ్యారు. నిబంధన లేనిదే తుమ్మరు కూడా. ఆ ఆటలో జట్లుంటాయి, ఆటగాళ్ళుంటారు, మ్యాచ్‌లన్నీ కంప్యూటరే ఆడేసుకుంటుంది. మనం ఓనర్లం. ఆటగాళ్ళను తెచ్చుకోవాలి, జీతాలివ్వాలి, ఓడిపోతే ఏడవాలి. అచ్చం సంసారంలాగే ఉంటుంది, కాకపోతే ఇందులో అప్పుడప్పుడూ గెలుస్తాం.

నా జట్టు పేరు చిక్కడపల్లి చిరుతలు. బేరాల మొగిలయ్యది నల్లకుంట నక్కలు. మొహమాటం రాజీవ్‌ది హైదర్‌గూడ హంసలు. మిగతావాళ్ళవి కూడా ఉన్నాయి కానీ, లోయర్ ట్యాంక్‌బండ్ తాబేళ్ళు ఒక్కటీ గుర్తుంచుకోండి చాలు. ఆ జట్టు ఏటా ఆఖరున వస్తుంది. తప్పు తనది కాదు, పేరుది అంటాడు దాని ఓనరు.

ఆటగాళ్ళకు పేర్లు మేమే పెట్టుకోవచ్చు. నా జట్టుకు ప్రాణం లాంటి, బుట్ట కింద కాపు కాసే ఏడడుగుల సెంటర్‌కు పీరయ్య అని పెట్టాను. మా వీధి చివర మిర్చిబజ్జీలు వేసే పీరయ్య పేరది. అసలు పీరయ్య బజ్జీల బండి మీదుగా కనిపించాలంటే మడమలెత్తి నిలబడాలి. తన పేరుతో ఏడడుగుల మనిషి ఉన్నాడని చెబితే ఆ రోజు నాకు ఒక బజ్జీ ఎక్కువేశాడు.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. కొందరు ఆటగాళ్ళ ఒప్పందం ముగిశాక, ఇంకో జట్టువాడు వచ్చి "నేనింత జీతమిస్తాను, నా దగ్గరికి రా" అనొచ్చు. దాన్ని మేం పిలుపు అంటాం. కానీ పాత ఓనరుకు మొదటి హక్కుంటుంది. మూడు రోజుల్లోగా "ఆ జీతమేదో నేనే ఇస్తాను, వాడు నావాడే" అంటే ఆటగాడు కదలడు. అది నిలుపు. పాత ఓనరు నోరు మూసుకుని కూర్చుంటే ఆటగాడు వెళ్ళిపోతాడు, పిలిచినవాడు చచ్చినట్టు ఆ జీతం ఇచ్చుకోవాలి.

ఎవరు నిలుపుకుంటారో, ఎవరు వదిలేస్తారో ముందే చెప్పడం నా విద్య. ప్రతి వేసవిలో అందరికీ మెయిల్లో నా జోస్యం పంపేవాణ్ణి. ఒకటీ అరా తప్ప అన్నీ నిజమయ్యేవి. దాంతో నాకు జోస్యాల కిషన్ రావు అని పేరొచ్చింది, పేరుతో పాటు కాస్త పొగరు కూడా వచ్చింది.

"గింత కరెక్టుగ ఎట్ల చెప్తవన్నా?" అని అడిగాడు రాజీవ్ ఒకసారి, నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తాగుతూ.

"ఇజ్జత్ రాజీవ్, ఇజ్జత్! నిలుపుకునే హక్కున్నోడు అవసరముండి నిలుపుకోడు. పక్కోడి ముందర తలకాయ దించొద్దని నిలుపుకుంటడు. మన హైదరాబాద్‌ల గంతే."

"మరి ఒద్దనుకుంటే?"

"ఒద్దనుకున్నా గూడ నిలుపుకుంటడు. తర్వాత ఇంటికి పోయి ఏడుస్తడు."

ఈ సూత్రంతో నేను ఇంకో ఘనకార్యం కూడా చేస్తుండేవాణ్ణి. ఎలాగూ నిలుపుకుంటాడని తెలిసినవాడి ఆటగాణ్ణి ఉత్తుత్తినే భారీ జీతానికి పిలిచేవాణ్ణి. వాడు ఇజ్జత్ కోసం నిలుపుకుని దివాలా తీసేవాడు. నాకు పైసా ఖర్చు ఉండేది కాదు. ఇలా రాజీవ్‌ను రెండుసార్లు, మొగిలయ్యను ఒకసారి ముంచాను. మొగిలయ్య మాత్రం మునిగినవాడిలా కాకుండా గుర్తు పెట్టుకున్నవాడిలా చూశాడు.

2012 వేసవి వచ్చింది. ఆ రోజుల్లో బంద్‌లకు కొదవ లేదు, బంద్ రోజున ఆఫీసు ఉండదు, ఆట ఉంటుంది, కాబట్టి మాకు హాయిగానే ఉండేది. వచ్చిన చిక్కల్లా పిలుపుల ఆదివారంతోనే. ఏడాదికొకసారి ఓనర్లందరం ఒకచోట కూర్చుని మధ్యాహ్నం పన్నెండింటిలోగా నిలుపో కాదో తేల్చేసే రోజది. ఏటా సూర్యప్రకాశరావు గారింట్లో జరిగేది. ఆ ఏడు వాళ్ళింటికి సున్నాలు వేయిస్తున్నారు. ఈసారి కిషన్ రావు ఇంట్లో అని అందరూ కలిసి తీర్మానించారు. నేను ఆ మీటింగుకు ఆలస్యంగా వెళ్ళాను.

ఇప్పుడు మా ఆవిడను ఒప్పించాలి. ఒప్పిస్తేనే ఆదివారం, లేకపోతే నా ఇజ్జత్ చిక్కడపల్లి చౌరస్తాలో.

మా ఆవిడ పేరు సుబ్బులు. వాళ్ళ తాతగారు ఏలూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి నల్లకుంటలో స్థిరపడ్డారు. మేం చిక్కడపల్లి లైబ్రరీలో కలుసుకున్నాం. తను పుస్తకాల కోసం వచ్చేది, నేను ఫ్యాను కోసం వెళ్ళేవాణ్ణి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా తను ఏంటి అంటుంది, నేను ఏంది అంటాను. పోట్లాట మాత్రం ఇద్దరికీ బాగా అర్థమవుతుంది.

"సుబ్బులూ, వచ్చే ఆదివారం మనోళ్ళు జర ఇంటికొస్తరు" అన్నాను, ఆవిడ కూర తరుగుతుండగా.

"ఎంతమంది?"

"ఏడుగురే."

"ఏడుగురు వస్తే అది 'జర' రావడమా? దేనికి?"

"పీరయ్య సంగతి మాట్లాడాలె."

"బజ్జీల పీరయ్య గురించి ఏడుగురు కూర్చుని మాట్లాడ్డమేంటండీ?"

"గా పీరయ్య గాదు. ఏడడుగుల పీరయ్య. అంటే, లేని పీరయ్య."

సుబ్బులు కత్తిపీట పక్కకు జరిపింది. "లేని మనిషి కోసం ఉన్న మనుషులు ఏడుగురొస్తారు. వాళ్ళకి ఉన్న కాఫీ, ఉన్న టిఫిను, ఉన్న నేను చేసి పెట్టాలి. అంతేనా?"

"నువ్వు మస్తు చెప్పినవ్. గంతే."

"స్నేహితుల్ని పిలవడానికి మీకు నోరొస్తుంది. మా అమ్మని, 'అత్తయ్యగారూ, మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండండి' అని ఒక్కసారన్నా పిలిచారా?"

"మీ తమ్ముడు పంపితే గద!"

"పంపడం, పంపకపోవడం వాడిష్టం. పిలవడం మీ ధర్మం. ముందు ఆ పిలుపేదో పిలవండి, తర్వాత ఈ పిలుపులు చూద్దాం."

ఆవిడ ఆ మాట అనగానే నా బుర్రలో బల్బు వెలిగింది.

మా అత్తగారు బాలత్రిపురసుందరి గారు నల్లకుంటలో కొడుకు రాఘవేంద్ర దగ్గరుంటారు. రాఘవేంద్ర అంటే పరువు, పరువంటే రాఘవేంద్ర. వాళ్ళింట్లో నీళ్ళు రాకపోయినా పక్కింట్లో అడగడు, పరువు తక్కువని బయటినుంచి క్యాను తెప్పిస్తాడు. అలాంటివాడు, కొడుకుండగా తల్లి అల్లుడింట్లో ఉంటోందని నలుగురూ అనుకోనిస్తాడా? అమ్మ మీద మొదటి హక్కు వాడిది. నేను పిలుస్తాను, వాడు నిలుపుకుంటాడు. నాకు పైసా ఖర్చు లేదు. సుబ్బులు సంతోషిస్తుంది, ఆదివారం నాదవుతుంది. ఇంత తేలికైన జోస్యం నా జీవితంలో చెప్పలేదు.

ఆ బుధవారమే రాఘవేంద్ర పెళ్ళిరోజు. నల్లకుంట ఇంట్లో బంధువులందరికీ భోజనాలు. పులిహోర అయ్యాక, పెరుగు రాకముందు, అందరూ వినేలా గొంతు సవరించుకున్నాను.

"అత్తమ్మా, మీరు మా ఇంటికి రావాలె. నాలుగు రోజులు గాదు, ఎండాకాలమంత ఉండాలె."

పంక్తిలో అందరూ నా వైపు తిరిగారు. సుబ్బులు ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకు హుషారెక్కింది. ఎలాగూ ఇవ్వక్కర్లేని జీతం కదా, పెంచుకుంటూ పోయాను.

"హాల్ల కిటికీ పక్కన మీకు మంచం ఏస్త. టీవీ రిమోట్ మీ చేతికే ఇస్త. పొద్దుగాల నా చేతులతోటి నేనే కాఫీ పెడ్త. సాయంత్రం గానసభల కచేరీ ఉంటే నేనే తీస్కపోత."

ఒక్కో మాటకూ రాఘవేంద్ర ముఖం ముడుచుకుపోయింది. పరువు లోపల ఉడుకుతోంది అనుకున్నాను.

"ఏవిట్రా రాఘవా, అల్లుడుగారు ఇంతలా అడుగుతుంటే?" అన్నారు అత్తగారు.

"ఆలోచిద్దాం అమ్మా" అన్నాడు వాడు, పెరుగు గిన్నెలోకి చూస్తూ.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద సుబ్బులు నా భుజం మీద చెయ్యి వేసింది. ఎన్నాళ్ళకో వేసింది. శంకర్‌మఠ్ దాటుతుండగా, "ఆదివారం మీవాళ్ళని రమ్మనండి, పెసరట్టు ఉప్మా చేస్తాను" అంది. మర్నాడు ఆఫీసు నుంచి అందరికీ మెయిల్ పెట్టాను. చిక్కడపల్లి నుంచి నల్లకుంటకు ఒక పిలుపు వెళ్ళింది, ఆటగాడు మా అత్తగారు, నా జోస్యం నిలుపు, నూటికి నూరు పాళ్ళు. అందరూ పడీపడీ నవ్వారు.

శనివారం సాయంత్రం మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది.

ముందు రాఘవేంద్ర దిగాడు. తర్వాత ట్రంకుపెట్టె దిగింది. దేవుడి మందిరం, మడతకుర్చీ, ఆ ఏడు పెట్టిన ఆవకాయ జాడీలు వరసగా దిగాయి. ఇవన్నీ చూసి కూడా ఏదో ఆశతో నిలబడ్డాను. ఆఖరున తులసి కుండీ దిగింది. నాలుగు రోజులుండి వెళ్ళే మనిషి తులసి మొక్క తెచ్చుకోదు.

"ఏంది రాఘవా, నువ్వు ఒప్పుకున్నవా?" అన్నాను.

"మీరంతమందిలో అంత ప్రేమగా పిలిచాక కాదంటే మా పరువేం కాను బావగారూ!" అన్నాడు వాడు.

ఇజ్జత్ ఇటువైపు నుంచి కూడా పని చేస్తుందని నా సూత్రంలో ఎక్కడా లేదు.

రెండు గంటల్లో మా హాలు హాలులా లేదు. కిటికీ పక్కన మంచం పడింది. రిమోట్ మంచం మీదికి వెళ్ళింది. నా కంప్యూటర్ బల్ల మీద దేవుడి మందిరం వెలిసింది. కంప్యూటర్ మాత్రం వంటింటి నడవాలోకి, బియ్యం డబ్బా మీదికి బదిలీ అయింది. దాని ముందు పీట వేసుకుని కూర్చుంటే నా ముఖం సరిగ్గా తెర కింది అంచు దాకా వచ్చింది.

ఆదివారం పొద్దున్నే మాటిచ్చిన కాఫీ పెట్టి అందించాను. అత్తగారు ఒక గుక్క తాగి ఆలోచనలో పడ్డారు.

"ఇది కాఫీయా అల్లుడుగారూ, కషాయమా?"

"రెండూ గాదు అత్తమ్మా. ప్రయత్నం."

"అయితే రేపు మళ్ళీ ప్రయత్నించండి" అని గ్లాసు కింద పెట్టారు.

పది కాకముందే మావాళ్ళు దిగారు. హాల్లోకి తోసుకుంటూ వచ్చి, మధ్యలో మంచం మీద అత్తగారిని చూసి, ఒక్కసారిగా బడిపిల్లలైపోయారు. మోకాళ్ళు దగ్గరపెట్టుకుని వరసగా కూర్చున్నారు. మొగిలయ్య ఒక్కడే నా చెవిలో, "నూటికి నూరు పాళ్ళంటివి గదన్నా" అన్నాడు.

"ఏం ఆట బాబూ మీది?" అని అడిగారు అత్తగారు.

సూర్యప్రకాశరావు గారు మొదటి నిబంధన నుంచి మొదలెట్టారు. పిలుపు, నిలుపు, మూడు రోజులు, మొదటి హక్కు, అన్నీ చెప్పారు. నాకు నవ్వొచ్చింది. ఇవన్నీ నాకు అర్థం కావడానికి ఒక సీజన్ పట్టింది.

"అంటే వడ్డన లాంటిదన్నమాట" అన్నారు అత్తగారు.

"వడ్డనా?"

"మారు వడ్డించేటప్పుడు అందరూ వద్దనే అంటారు కదా నాయనా. అందులో నిజంగా వద్దనేదెవరో, ఇంకోసారి అడిగితే వేయించుకునేదెవరో కనిపెట్టాలి. ఎన్ని పెళ్ళిళ్ళలో వడ్డించానో! విస్తరి మీద చెయ్యి ఎలా అడ్డం పెట్టాడో చూస్తే చాలు, మనిషి తెలిసిపోతాడు."

సూర్యప్రకాశరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

సుబ్బులు పెసరట్లు తెచ్చింది. అత్తగారు మంచం దిగి, ఉప్మా గిన్నె తనే అందుకుని మారు వడ్డన మొదలెట్టారు. అందరూ వద్దండీ వద్దండీ అన్నారు. ఆవిడ ఒక్కొక్కరి దగ్గరా ఒక్క క్షణం ఆగారు, అంతే. తర్వాత వెళ్ళి సూర్యప్రకాశరావు గారి చెవిలో ఏదో చెప్పారు. అంతకుముందే నేను నా జోస్యం లేచి నిలబడి మరీ చెప్పి ఉన్నాను. అన్నీ నిలుపే, ఇజ్జత్, ఇజ్జత్.

ఆ తర్వాత మొగిలయ్య బాంబు పేల్చాడు. గురువారమే మా పీరయ్యకు పిలుపు పెట్టానన్నాడు. ఎంత జీతానికనుకున్నారు! ఆ జీతంతో ఒక జట్టు మొత్తాన్ని సాకొచ్చు. ముందు నా జోస్యం మురిపెంలో, తర్వాత అత్తగారి హడావుడిలో నేను ఆ మెయిల్ చూసుకోలేదు. వదిలేస్తే నా పీరయ్య నల్లకుంట నక్క అవుతాడు. నిలుపుకుంటే నా ఖజానా ఖాళీ. గడియారం చూస్తే పన్నెండు కావస్తోంది.

నడవాలోకి పరిగెత్తి పీట మీద కూలబడ్డాను. నిలుపు నొక్కేశాను. బియ్యం డబ్బా కూడా అదిరింది.

పన్నెండు కాగానే సూర్యప్రకాశరావు గారు ఫలితాలు చదివారు. మొహమాటం రాజీవ్ తన ఆటగాణ్ణి వదిలేశాడు! తాబేళ్ళవాడు నిలుపుకున్నాడు. ఇంకొకాయన వదిలేశాడు. నా జోస్యం సగానికి సగం తప్పింది. మా అత్తగారు చెవిలో చెప్పింది ఒక్కటి కూడా తప్పలేదు.

"గదెట్ల అత్తమ్మా? రాజీవ్ ఎవ్వనికీ కాదని చెప్పడు గద!" అన్నాను.

"మాటల్లో చెప్పడు. ప్లేటు మీదికి వంగిపోయి రెండు చేతులూ అడ్డం పెట్టాడు చూడలేదూ? అది అసలైన వద్దు. ఆ తాబేళ్ళ అబ్బాయి చాలు చాలంటూనే ప్లేటు ఇటు జరిపాడు. వాడు వదలడు."

తాబేళ్ళవాడు సిగ్గుపడి ప్లేటు వెనక్కి జరుపుకున్నాడు.

"మరి నా సంగతి?"

మొగిలయ్య గట్టిగా నవ్వేశాడు. "నాకు పీరయ్యతోటి పనేందన్నా? నా తాన ఇద్దరు సెంటర్లున్నరు. నీ మందే నీకు పోసిన. జర భయమై మధ్యల అత్తమ్మనడిగిన, వాపసు తీసుకుందునా అని. 'మా అల్లుడుగారు పెసరట్టు అయిపోయినా ప్లేటు వదలకుండా పట్టుకున్నారు, ఎంతకైనా నిలుపుకుంటారు, నువ్వు ధైర్యంగా ఉండు నాయనా' అన్నది."

నేను చేతుల్లోకి చూసుకున్నాను. నడవాలోకి పరిగెత్తినప్పుడు కూడా ఆ ప్లేటు నా చేతిలోనే ఉంది.

అలా ఆ సీజనంతా పీరయ్యా, చౌకగా దొరికిన నలుగురు కుర్రాళ్ళూ, అంతే నా జట్టు. తాబేళ్ళు మొదటిసారి ఆఖరున రాలేదు. ఆ స్థానం చిరుతలకిచ్చాయి.

అందరూ వెళ్ళాక సుబ్బులును నిలదీశాను.

"రాఘవ గట్ల ఎట్ల ఒప్పుకున్నడు? నాకు సమజైత లేదు."

"నేనే ముందురోజు ఫోన్ చేసి చెప్పాను. బావగారు రేపు అమ్మని పిలుస్తారు, కాదనకు అని."

"నేను పిలుస్తనని నీకెట్ల ఎర్క? నేనెవ్వరికీ చెప్పలేదు గద!"

"ఆ ఏడుగురి కోసం మీరు ఎవరినైనా, ఎన్నాళ్ళకైనా పిలుస్తారని నాకు తెలుసు" అంది సుబ్బులు. "పాపం, వాడే అమ్మని వదల్లేక ఏడుపుముఖం పెట్టాడు."

నేను పరువనుకున్నది ఏడుపన్నమాట. ఇన్నాళ్ళూ జనం నాకు జోస్యాల కిషన్ రావు అని పేరెందుకు పెట్టారో నాకే అనుమానం వచ్చింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ మా ఇంట్లోనే. ఎవడూ నా జోస్యం అడగడు. తిన్నగా మంచం దగ్గరికెళ్ళి, "అత్తమ్మా, గీ వారం ఎట్లుంటది?" అంటారు. ఆవిడ ముందు వాళ్ళకేదో పెట్టి, తినేటప్పుడు చూసి, తర్వాత చెబుతారు. మాకందరికీ ఆట మీద ఉన్నంత ధ్యాస తిండి మీదా, తిండి మీద ఉన్నంత ధ్యాస ఆట మీదా కుదిరింది. సుబ్బులు కూడా మధ్యలో వచ్చి కూర్చుని, మా పీరయ్య ఓడిపోతే అయ్యో అనేది. పెళ్ళయ్యాక మా ఆవిడ నా ఆట గురించి అయ్యో అనడం అదే మొదలు.

గానసభకు కూడా వెళ్ళాం. మొదటి రోజు నేను కచేరీలో నిద్రపోయాను. అత్తగారు ఎవరికీ చెప్పలేదు. నా కాఫీ కూడా మెల్లమెల్లగా దారిలో పడింది. ఒక పొద్దున ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, "ఈవేళ కాఫీలాగే ఉందండీ" అన్నారు. ఆ రోజు ఆఫీసులో ఫైళ్ళన్నీ నవ్వుతూ చూశాను. నిజం చెప్పాలంటే, ఉత్తుత్తినే పిలిచిన మనిషి ఇంట్లో ఉంటే నాకు ఇంత బాగుంటుందని నేను అనుకోలేదు.

జూన్ నడుస్తోంది. ఒకటి రెండు వానలు కూడా పడ్డాయి. ఒక సాయంత్రం రాఘవేంద్ర వచ్చాడు. సోఫా అంచున కూర్చుని, వల్లించుకొచ్చిన పాఠంలా ఒక్క గుక్కలో చెప్పాడు.

"అమ్మా, ఎండాకాలం అయిపోయింది. ఇంక మనింటికి పద. నీ గదిలో ఏసీ పెట్టిస్తున్నాను."

సుబ్బులు కొంగుతో విసురుకుంటూ, "అవును పాపం, అమ్మకి ఉక్క పడదు" అంది.

నేను వాడి వైపు చూశాను. అత్తగారి దగ్గర అన్ని ఆదివారాలు చూసి నేర్చుకున్నది ఊరికే పోదు కదా. కరెంటు బిల్లు వస్తే వారం రోజులు మంచినీళ్ళు కూడా రుచించని మనిషి వాడు. వానలు మొదలయ్యాక ఏసీ కొంటాడా? పైగా చెబుతున్నంతసేపూ అమ్మను చూడలేదు, అక్కను చూస్తున్నాడు. అక్క తలుపు పక్కనుంచి పెదాలు కదుపుతోంది. హాల్లో ఏసీ పెట్టించండి మహాప్రభో అని మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తున్న పెదాలవి.

అది ఉత్తుత్తి పిలుపు. నూటికి నూరు పాళ్ళు. ఆ ఏడాది మొత్తంలో నేను చెప్పగలిగిన సరైన జోస్యం అదొక్కటే.

"మంచిది రాఘవా, తీస్కపో" అంటే చాలు, అక్కాతమ్ముళ్ళ ఎత్తు అక్కడికక్కడ కూలిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే అత్తగారు మంచం మీంచి లేచారు. కిటికీ దగ్గరికెళ్ళి తులసి కుండీలో ఎండుటాకులు ఏరడం మొదలెట్టారు. ఆ మంచం ఖాళీగా కనిపించింది. దాని మీద ఎవరూ లేని ఆదివారం ఎలా ఉంటుందో కూడా కనిపించింది.

"ఏసీ నేనే పెట్టిస్త" అన్నాను. "మా అత్తమ్మ యాడికి పోదు."

"హమ్మయ్య!" అన్నాడు రాఘవేంద్ర. వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

సుబ్బులు వంటింట్లోకి పరిగెత్తింది. లోపలినుంచి నవ్వు వినిపించింది. నేను సాయం కోసం అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఆకులు ఏరడం ఆపి, వెనక్కి తిరక్కుండానే కూతురికి కేకేశారు.

"ఒకటిన్నర టన్నుది చెప్పవే సుబ్బులూ, హాలు పెద్దది!"

"అత్తమ్మా, మీరు గూడనా?" అన్నాను.

"నేనేమన్నానండీ అల్లుడుగారూ, మీరు పెట్టిస్తానంటారనే చెప్పాను వీళ్ళకి. రాఘవే నమ్మలేదు" అన్నారు ఆవిడ, చేతులు దులుపుకుంటూ. రాఘవేంద్ర నా చేయి పట్టుకుని, "వారానికోసారి నేనూ వస్తాను బావగారూ, అమ్మని చూడాలి కదా, చల్లగా కూడా ఉంటుంది" అన్నాడు.

నాలుగు రోజుల్లో ఏసీ వచ్చింది. ఆ ఆదివారం మావాళ్ళంతా హాల్లో హాయిగా సర్దుకుని కూర్చున్నారు. అత్తగారు మంచం మీద, సుబ్బులు పక్కన, మొగిలయ్య సరిగ్గా చల్లగాలికి ఎదురుగా. నేను మాత్రం ఎప్పట్లాగే వంటింటి నడవాలో, బియ్యం డబ్బా ముందు, పీట మీద, చెమటలు కక్కుతూ పీరయ్య ఆట చూస్తున్నాను.

"అల్లుడుగారూ!" అని లోపలినుంచి పిలిచారు అత్తగారు.

నన్ను కూడా లోపలికి రమ్మంటున్నారనుకుని సంబరంగా లేచాను. "వస్తున్న అత్తమ్మా!"

"రావడం కాదండీ. కాస్త ఆ నడవా తలుపు వేయండి, చల్లదనమంతా అటు పోతోంది."

వేశాను. బయటివైపు నుంచి.